‘ఫార్మాలిటీకే కదా, ఒకసారి మునిగి లే’ అంటున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గొడవ, అంటే మతం విషయంలో సొంతవాళ్లే పెట్టే ఒత్తిడి చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే పక్కపక్కన వేస్తున్నాం. ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు కొంచెం మార్చాను. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు ఇంకా పెద్దది, ఓపిక పట్టండి.

ప్రశ్న: నా వయసు 26. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మేం ఎస్సీ, హిందువులం. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. నాతో పనిచేసే అబ్బాయిని ప్రేమించాను. వాళ్లది ఒంగోలు, తాతల నాటి నుంచి బాప్టిస్టులు (క్రైస్తవుల్లో ఒక శాఖ). నానా గొడవలు అయ్యాక రెండు ఇళ్లవాళ్లూ ఒప్పుకున్నారు, నిశ్చితార్థం కూడా జరిగింది. ఇప్పుడు పెళ్లి నెలన్నర ఉందనగా, బాప్తిస్మం తీసుకోని అమ్మాయికి చర్చిలో పెళ్లి చేయనని వాళ్ల పాస్టరు గారు అన్నారట. నిశ్చితార్థం రోజే గ్రూప్ ఫొటో తీసే ముందు కాబోయే అత్తగారు నా నుదుటి మీది స్టిక్కరు బొట్టును బొటనవేలితో తీసేసి, పక్కనున్న కుర్చీ వెనక అంటించి, "ఇంక అలవాటు చేసుకో అమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. అబ్బాయి మంచివాడే, కానీ "నీళ్లలో ఒకసారి మునిగి లేస్తే అయిపోతుంది, ఫార్మాలిటీకే, తర్వాత అంతా నీ ఇష్టం, నీ ఎస్సీ సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు, ఎవరికి తెలుస్తుంది" అంటాడు. మా నాన్నేమో "వాడినే మనలోకి రమ్మను, గుళ్లో తాళి కట్టమను, అప్పుడే నేనొస్తా" అని కూర్చున్నాడు. నాకు దేవుడి మీద భక్తి అంతంతమాత్రమే, అయినా ఆ నీళ్లలో దిగాలంటే మనసు ఒప్పుకోవట్లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. దిగితే తప్పా? దిగకపోతే పెళ్లి ఆగిపోతుందా?

జవాబు: దిగకు తల్లీ. జన్మలో దిగొద్దని చెప్పడం లేదు, పెళ్లి తేదీ వెనక నుంచి తరుముతున్న ఈ నెలన్నరలో మాత్రం దిగకు.

ఫార్మాలిటీ అంటున్నాడు కదా అబ్బాయి, వాళ్ల సంఘంలో అది ఫార్మాలిటీ కాదని అతనికి తెలియకపోదు. లూథరన్లు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి వేరే శాఖలవాళ్లు పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు గానీ బాప్టిస్టులు ఇవ్వరు. ఊహ తెలిసి, నమ్మి, తన నోటితో ఒప్పుకున్నవాళ్లకే ఇవ్వాలన్నది వాళ్ల పట్టుదల. నిన్ను నీళ్లలో నిలబెట్టి, అందరూ వింటుండగా, యేసుప్రభువును నీ సొంత రక్షకుడిగా అంగీకరిస్తున్నావా అని అడుగుతారు, నువ్వు అవునని చెప్పాలి. నమ్మకం లేకుండా ఆ మాట అంటే వాళ్లు అన్నిటికన్నా పవిత్రం అనుకునే చోట నిలబడి అబద్ధం చెప్పినట్టు. ఇంకోలా చెప్పాలంటే, వాళ్ల మతానికి ఈ విషయంలో అతనికంటే నువ్వే ఎక్కువ మర్యాద ఇస్తున్నావు. ఈ ముక్క అతనితో కోపంగా కాదు, మామూలుగా అను.

వాళ్లది ఒంగోలే అంటున్నావు కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి కూలీ పని చూపించాడు. మతంలో కలుస్తామని వచ్చినవాళ్లకు కొదవ లేదు. ఆయన మాత్రం కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు, దానికి ముందు ఆపిన కథ చెప్పేవాళ్లు తక్కువ. కడుపు కోసం వచ్చినవాళ్లనే ఆగమన్న సంఘం, పెళ్లి కోసం వచ్చిన పిల్లను ఆగమనలేదా? మీ కాబోయే మామగారిని ఈ ప్రశ్న అడిగి చూడు, పెద్దాయనకు ఈ చరిత్ర తెలిసే ఉంటుంది.

ఇక సర్టిఫికెట్. ఎవరికీ తెలియదన్న మాట నమ్మకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు ఆంధ్రలో బీసీ-సీ, వాళ్ల రిజర్వేషన్ 1 శాతం. గ్రూప్-2 రాసేదానివి, ఈ రెంటికీ తేడా నీకు నేను లెక్కలేసి చెప్పక్కర్లేదు. చర్చిలో బాప్తిస్మాలకు రిజిస్టరు ఉంటుంది, పేరు, తేదీ రాసి పెడతారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. పుదుచ్చేరిలో క్లర్కు ఉద్యోగం కోసం ఒకావిడ తాను హిందువునని, ఎస్సీ సర్టిఫికెట్ ఇమ్మని అడిగింది. చిన్నప్పుడు జరిగిన ఆమె బాప్తిస్మం, ఆమె చర్చికి వెళ్లడం, అన్నీ బయటికొచ్చాయి, కోర్టు కుదరదంది, నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని గట్టిగానే అంది. ఉద్యోగం వచ్చిన పదేళ్లకు ఎవడో గిట్టనివాడు ఒక అర్జీ పెడితే చాలు, విచారణ మొదలవుతుంది. ఆ రోజు మీ ఆయన "ఫార్మాలిటీకే సార్" అంటే వినే ఆఫీసరు ఉండడు.

ఆ చట్టం న్యాయమా అంటే, అది వేరే పెద్ద చర్చ. మతం మారినా కులం పోలేదని మన పల్లెల్లో చర్చిలు ఎవరెవరికి ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తేనే తెలుస్తుంది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది కూడా. ఇస్తే మంచిదేనని నా అభిప్రాయం. అయితే ఇవ్వనంతవరకూ లోపల ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకుని బతికే టెన్షన్ నీది అవుతుంది, పాస్టరు గారిది కాదు. నీకు నిజంగా నమ్మకం కలిగితే అది వేరే సంగతి, అప్పుడు హాయిగా తీసుకో, బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకుని దర్జాగా తిరుగు.

ఇంకొకటి, ఆస్తి. మతం మారినంత మాత్రాన మీ నాన్న ఆస్తిలో నీ వాటా పోదు. కానీ హిందూ వారసత్వ చట్టంలో ఒక మెలిక ఉంది. నువ్వు మారాక పుట్టిన పిల్లలకు, ఆస్తి ఉన్న బంధువు చనిపోయే నాటికి వాళ్లు హిందువులు కాకపోతే, నీ హిందూ బంధువుల ఆస్తి వీలునామా లేకుండా రాదు. మీకు పొలాలు పెద్దగా లేకపోతే దీని గురించి బుర్ర పాడుచేసుకోకు.

పెళ్లి ఎలా అంటావా, దారులున్నాయి. బాప్తిస్మం ఉంటేనే పెళ్లి చేస్తామన్నది ఆ సంఘం పెట్టుకున్న నియమం, దేశ చట్టం కాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా పెళ్లి చేయొచ్చు, చేసే పాస్టరుకు ఆ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలంతే. మీ నాన్న చెప్పే గుడి పెళ్లి మాత్రం ఒట్టి ఫొటోలకు పనికొస్తుంది. హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. మన ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక కేసులో, క్రైస్తవ అబ్బాయి హిందూ అమ్మాయికి గుళ్లో తాళి కట్టి, ఆ చట్టం కింద రిజిస్టరు కూడా చేయించినా, ఆ పెళ్లి చెల్లదని 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అబ్బాయిని మారమనడం కూడా నీ మీద వాళ్లు పెడుతున్న ఒత్తిడి లాంటిదేనని మీ నాన్నకు నువ్వే చెప్పాలి, ఆయన కొంచెం ఎగురుతాడు, ఎగరనీ.

అందరికంటే శుభ్రమైన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఎవరూ మారక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది, 30 రోజులు అయ్యాక ముగ్గురు సాక్షులతో పెళ్లి. వేరే మతం అన్నది అభ్యంతరం కింద చెల్లదు. హైదరాబాద్‌లోనే ఉంటున్నారు, నెలన్నర టైం ఉంది, సరిపోతుంది గానీ ఈ వారమే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. తర్వాత ఒంగోలులో ప్రార్థన పెట్టుకోండి, తెనాలిలో విందు పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

ఇవన్నీ కాగితాల సంగతులు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ స్టిక్కరు బొట్టు. ఆవిడ చెడ్డావిడ కాకపోవచ్చు, సంఘంలో నలుగురూ ‘కోడలు అన్యురాలట’ అంటారన్న బెంగే ఎక్కువ ఉండొచ్చు. కానీ చేతితో తీసేసిన పని చూస్తే, నీళ్లలో మునగడం దగ్గర ఇది ఆగదని అర్థమవుతోంది. తర్వాత బిడ్డ పేరు వస్తుంది, బిడ్డను చర్చిలో ప్రతిష్ఠించడం వస్తుంది, సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి అక్కడి పిండివంట తినొచ్చా అన్న పేచీ వస్తుంది, రేపు మీ నాన్నకు ఏదైనా అయితే కర్మల రోజు నువ్వు ఎక్కడ నిలబడాలో కూడా ఎవరో చెబుతారు. ఇవన్నీ అబ్బాయితో పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడు. ‘తర్వాత నీ ఇష్టం’ అంటున్నాడు కదా, ఇప్పుడు చెల్లని ఇష్టం తర్వాత ఎట్లా చెల్లుతుందో అతన్నే చెప్పమను. వాళ్ల అమ్మతో మాట్లాడాల్సింది కూడా అతనే, నువ్వు కాదు. నీకు ఆవిడ నేరుగా ఎదురైతే ఇంతే అను: "అత్తయ్యా, మీ ప్రార్థనకు వస్తాను, మీ పక్కనే కూర్చుంటాను, నమ్మకం కలిగితే నేనే అడిగి తీసుకుంటాను, నేను అడగకముందు మీరు అడగొద్దు." పాస్టరు గారు అవిశ్వాసులతో జోడు కావద్దన్న పౌలు మాట ఎత్తితే, అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఏడో అధ్యాయం తీయమను, నమ్మకం లేని భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టొద్దని ఉంటుంది.

ఎస్సీ ఇంటి పిల్లవు, అంబేడ్కర్ పటం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. హిందువుగా చావనని ఆయన యేవలాలో ప్రకటించింది 1935లో, నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్లు. నీకు నెలన్నర ఇచ్చారు.

పెళ్లి ఆగిపోతుందా అని అడిగావు. ఆగొచ్చు. ఆగదని నేను మాటివ్వలేను. అబ్బాయి నీ తరఫున వాళ్ల అమ్మ ముందు ఒక్కసారి గట్టిగా నిలబడితే ఆగకపోవచ్చు, నిలబడకపోతే నెలన్నర ముందే తెలిసిందనుకో.

ప్రశ్న: నా వయసు 44, కరీంనగర్ దగ్గర ఉంటాం. నాన్న పోయాక కొన్నేళ్లకు అమ్మ ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు గుడి ప్రసాదం ముట్టదు, పెత్రమాసకు నాన్న పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు బయటికి రాలేదు. పింఛను డబ్బుల్లో దశమభాగం అని అక్కడ ఇస్తోంది. మోకాళ్ల నొప్పి తగ్గిందని అందరి ముందు సాక్ష్యం చెప్పిందట, ఊళ్లో తల ఎత్తుకోలేకపోతున్నాం. మా చెల్లి పెళ్లిలో పసుపు దంచేటప్పుడు ఆచారం ప్రకారం అమ్మను పక్కన కూర్చోబెట్టాం, అప్పుడే ఆమె మనసు విరిగిందని చెల్లి అంటుంది గానీ నేను నమ్మను, ఆమెకు బ్రెయిన్‌వాష్ చేశారు. తమ్ముడు, నేను కలిసి ఆమె ఫోను తీసేసుకుని, ఆదివారం బయటికి పోకుండా చూసి, అప్పటికీ వినకపోతే వేరే వండుకొమ్మని చెబుదామని అనుకుంటున్నాం. అమ్మను మళ్లీ దారికి ఎట్లా తేవాలి?

జవాబు: మీ ఉత్తరంలో బలవంతం చేస్తున్నది ఎవరా అని వెతికితే మీ అన్నదమ్ములిద్దరే దొరికారండీ. ఫోను లాక్కోవడం, గడప దాటనివ్వకపోవడం, తిండి వేరు చేయడం, వీటిలో ఒక్కటి ఆ ప్రార్థనవాళ్లు చేసినా మీరు పోలీసు స్టేషన్‌కు వెళ్లేవాళ్లు.

చెల్లెలు చెప్పింది కొట్టిపారేయకండి. కన్నకూతురి పెళ్లిలో పసుపు దంచడానికి పనికిరాని మనిషిని ఆ ప్రార్థనలో ఏం చేసి ఉంటారో నేను ఊహించగలను. ముందు వరసలో కుర్చీ వేసి ఉంటారు. అమ్మా మోకాళ్లు ఎట్లున్నాయని అడిగి ఉంటారు. ఒకరోజు మైకు చేతికిచ్చి, నీ సంగతి చెప్పమ్మా అని ఉంటారు. భర్త పోయాక ఆమె మాట నలుగురు కూర్చుని విన్నది అక్కడేనేమో. దీన్ని బ్రెయిన్‌వాష్ అని కొట్టేస్తే మీకు సుఖంగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు మీ వైపు చూసుకోనక్కర్లేదు.

నచ్చిన మతాన్ని నమ్మే హక్కు రాజ్యాంగం 25వ అధికరణ కింద మీకెంత ఉందో ఆమెకూ అంతే ఉంది. ప్రచారం చేసుకునే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని చాలామంది ఉదహరిస్తారు, కానీ తనంతట తాను నమ్మిన మనిషిని వెనక్కి లాక్కురమ్మని ఆ తీర్పులో ఎక్కడా లేదు. వేరే వండుకొమ్మనే ఆలోచన ఉంటే 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం ఒకసారి తెలుసుకోండి. దానికి మతంతో పని లేదు, ఆమె ఆర్డీఓ ఆఫీసులో ఒక అర్జీ పెడితే మీ ఇద్దరికీ నోటీసులు వస్తాయి. అప్పుడు ఊళ్లో తల ఎత్తుకోవడం ఇంకా కష్టం.

గట్టిగా ఉండాల్సిన చోట్లు లేకపోలేదు. సాక్ష్యం చెప్పాక బీపీ, షుగరు మాత్రలు మానేసిందేమో డబ్బా తెరిచి చూడండి, మానేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆ విషయంలో మొహమాటం వద్దు. పింఛనులో పదో వంతు ఆమె డబ్బు, ఆమె ఇష్టం. బంగారం, భూమి కాగితాల దాకా ఎవరైనా వస్తే మాత్రం ఆమెను కూర్చోబెట్టి, సంతకం పెట్టే ముందు మాకు చూపించమ్మా అని చెప్పండి. మంచిగా ఉంటేనే చూపిస్తుంది, ఫోను లాక్కుంటే చూపించదు.

పెత్రమాసకు బియ్యం మీరు ఇవ్వండి, కొడుకులు మీరే కదా. ఆమె నాన్నను తలుచుకుని ప్రార్థన పెట్టిస్తానంటే వెళ్లి వెనకాల కూర్చుని రండి. ఇంకో సంగతి ఉంది, ఎవరూ నోరెత్తి అడగరు. రేపు ఆమె పోతే పూడ్చాలా, కాల్చాలా? శవం వాకిట్లో పెట్టుకుని ఒకవైపు పాస్టరు, ఇంకోవైపు కులపెద్దలు గంటలకొద్దీ వాదులాడుకునే ఇళ్లు ఉన్నాయి. ఆమె బాగున్నప్పుడే నెమ్మదిగా అడిగి, ఆమె ఏమంటే అదే చేస్తామని చెల్లి ముందు కూడా చెప్పి పెట్టుకోండి. ఇది అడిగిన రోజున ఆమె మీతో ఇంకా చాలా మాట్లాడుతుందని నాకనిపిస్తోంది.

ప్రశ్న: వయసు 22, విశాఖపట్నం. మా బ్యాచ్‌లో క్రిస్టియన్‌ని నేనొక్కడినే. వాట్సాప్ గ్రూపులో నన్ను ‘బియ్యం బస్తా’ అంటారు (బియ్యం కోసం మతం మారినవాళ్లమని ఎగతాళి), "ఎప్పుడు వెనక్కొస్తావ్ రా" అని రోజూ జోకులు. ఇప్పుడు తిరుమల ట్రిప్ పెట్టారు. "నీ పేరు చూసి ఎవరూ కనిపెట్టలేరు, డిక్లరేషన్ గిక్లరేషన్ వద్దు, గుండు కొట్టించుకుని ఫొటో పెట్టు, అప్పుడే నువ్వు మావాడివి" అంటున్నారు. కాదంటే ఫ్రెండ్స్ పోతారని భయం.

జవాబు: జోక్ అంటే ఇద్దరూ నవ్వాలి, నువ్వు నవ్వట్లేదు కాబట్టే నాకు రాశావు. హిందువులు కానివాళ్లు తిరుమలలో దర్శనానికి ముందు డిక్లరేషన్ ఇవ్వాలన్నది టీటీడీ నిబంధన, ఆ దేవుడి మీద నమ్మకం ఉందని రాసి సంతకం పెట్టాలి. నమ్మకం ఉంటే సంతకం పెట్టి వెళ్లు, లేకపోతే వెళ్లకు, దాక్కుని క్యూలో నిలబడటం మాత్రం ఆ కొండకూ మర్యాద కాదు, నీకూ కాదు. మీ వాళ్లకు స్వామి మీద నిజంగా భక్తి ఉంటే వాళ్లే వద్దనాలి.

గ్రూపులో వాదించకు, అక్కడ పదిమంది చూస్తుంటే ఎవడూ తగ్గడు. ఆ పదిమందిలో నీకు దగ్గరైనవాడు ఒకడుంటాడు కదా, వాడిని ఒక్కడినే టీకి తీసుకెళ్లి ఆ బస్తా మాట నీకు ఎక్కడ తగులుతుందో చెప్పు. వాడు కలిసొస్తే సగం పని అయినట్టే. ట్రిప్‌కు వెళ్లాలని ఉంటే కింద తిరుపతి దాకా వెళ్లు, వాళ్లు కొండ మీద ఉన్నంతసేపు చంద్రగిరి కోట చూసుకో, దిగాక అందరూ కలిసి భోంచేయండి. దానికీ ఒప్పుకోకుండా గుండు ఫొటోనే కావాలంటే గ్రూపులోంచి బయటికొచ్చేయ్, ట్రిప్‌కని ముందే డబ్బులు కట్టి ఉంటే వచ్చే ముందు అడిగి తీసుకో.